పెనుకొండ గుఱ్ఱములు, పెనుకొండ కార్లు

పెనుకొండ కోటను చూచి దిగివచ్చి, బెంగుళూరు హైదరాబాదుల నడుమ పోవు 44వ నంబరు జాతీయ రహదారి పట్టినవారికి ఎఱ్ఱమంచి గ్రామముకడ ఒక పెద్ద కర్మాగారము కనబడును. అది కొరియా దేశమునకు చెందిన కియా కంపెనీవారిది. వెనుక గగనమహలు, కూలిన బురుజులు, గుళ్లు, దర్గా; ముందు ఏటికి మూడు లక్షల కార్లు చేయుటకై కట్టిన యంత్రశాల. ఈ రెంటికి సంబంధమేమి యని చదువరులు అడుగవచ్చును. సంబంధము కలదు. నాలుగువందల యేబది యేండ్ల క్రిందటను పెనుకొండ పేరు మిక్కిలి వెలగల వాహనముల బేరముతో ముడిపడియే యుండెను. ఆనాటి వాహనము గుఱ్ఱము.

కాలము చెడినపుడు ధనికులు కొను వస్తువులను చేయువారి గతి, అమ్మువారి గతి యేమగును? ఈ ప్రశ్నకు లోకములో రెండు జవాబులు వినవచ్చుచున్నవి. ధనవంతునకు కఱవు సోకదు గనుక అతని వస్తువులు చేయువారికిని భయము లేదని కొందఱందురు. ఇల్లు గడచుట కష్టమైనపుడు ఎవ్వడైనను మొదట మానుకొనునది భోగవస్తువే గనుక, వానిని చేయువారే మొదట కూలుదురని మఱికొందఱందురు. రెండును సగము నిజములే. మిగిలిన సగము తెలియవలెనన్న చరిత్ర చూడవలెను. అందుకు మనము దూరదేశములకే పోనక్కఱలేదు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ఈ మూడూళ్ల నడుమనే ఆ కథ చాలవఱకు జరిగినది.

విజయనగర రాజులకు గుఱ్ఱములు పరదేశపు సరకు. ఈ దేశపు గుఱ్ఱములు పొట్టివి. అరేబియా, పారశీకముల గుఱ్ఱములు ఎత్తైనవి, బలమైనవి. అవి హొర్ముజునుండి ఓడలమీద గోవా, భట్కల మున్నగు రేవులకు వచ్చి, అచ్చటనుండి కనుమలు దాటి రాజధానికి చేరవలెను. త్రోవలో చచ్చునవి చచ్చును. మిగిలినవి బంగారమునకు అమ్ముడుపోవును. పదునాఱవ శతాబ్దమున విజయనగరములో నుండిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు, సాళువ నరసింహరాయల కాలపు ముచ్చటనొకదానిని వ్రాసినాడు. ఆ రాజు వేయి వరహాలకు మూడు గుఱ్ఱముల లెక్కన కొనెడివాడట. సముద్రముమీద చచ్చిన గుఱ్ఱమునకు తోక తెచ్చి చూపినను, బ్రదికియున్నదానికి వలెనే వెల యిచ్చెడివాడట. అచ్యుతరాయల కాలములో రాజు ఏటేట పదుమూడు వేల గుఱ్ఱములు కొని, మేలైనవానిని తన శాలలో నుంచుకొని, తక్కినవానిని నాయకులకు అమ్మెడివాడనియు ఆయన వ్రాసెను. వర్తకుని నష్టమును రాజు భరించెను. రాజు ఖర్చును నాయకులు భరించిరి. నాయకుల ఖర్చును ఎవరు భరించిరో చెప్పనక్కఱలేదు. పొలము దున్నిన రైతే.

గుఱ్ఱము యుద్ధసాధనము గదా, దానిని భోగవస్తువనుట యెట్లు అని సందేహము రావచ్చును. సందేహము సరియైనదే. కాని మేలుజాతి గుఱ్ఱము అప్పటి రాజునకు ఆయుధమును అయినది, అంతస్తును అయినది. యుద్ధమునకు దేశవాళి గుఱ్ఱమును పనికివచ్చును; ఊరేగింపునకు అరబ్బీ గుఱ్ఱమే కావలెను. ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున కృష్ణదేవరాయలు, ఏనుగులను గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులకు ఊళ్లు, ఇండ్లు, కొలువున దర్శనము, మంచి లాభము నొసగి తమవారిని చేసికొనవలెననియు, లేకున్న ఆ సరకు శత్రువులకు పోవుననియు బోధించెను. అది కేవలము దయ గాదు. లెక్క తెలిసినవాని మాట. సరకు తెచ్చువానిని నిలుపుకొన్ననే సరకు నిలుచును.

1565వ సంవత్సరము జనవరిలో రాక్షసతంగడి యుద్ధము జరిగెను. రామరాయలు పడెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు నిధులను ఏనుగులకెక్కించుకొని రాజకుటుంబముతో పెనుకొండ దారి పట్టెను. నగరము కొల్లపోయెను. రెండేండ్ల తరువాత, 1567లో, సీజర్ ఫ్రెడరిక్ అను వెనీసు వర్తకుడు గోవానుండి విజయనగరమునకు వచ్చి యేడు నెలలుండెను. ఆయనతో కూడ వచ్చిన ఇద్దఱు వర్తకులు మున్నూరు అరబ్బీ గుఱ్ఱములను తోలుకొని వచ్చిరి. ఒక్కొక్క గుఱ్ఱము మున్నూరు మొదలు అయిదువందల డుకాట్లవఱకును, మిక్కిలి మేలైనది వేయి డుకాట్లవఱకును పలికెడిదని ఆయన వ్రాసెను. గోవా రేవునకు ఇరువది గుఱ్ఱములకు మించి తెచ్చు ఓడకు సుంకము లేదు; గుఱ్ఱము గోవా విడిచి లోపలికి పోవునపుడు మాత్రము తలకు నలువది రెండు డుకాట్ల సుంకము. పరిశ్రమను రప్పించుటకు రాయితీ యిచ్చి, అమ్మకముమీద పన్ను పుచ్చుకొను నేటి ప్రభుత్వముల తంత్రము క్రొత్తది కాదని దీనివలన తెలియుచున్నది.

ఫ్రెడరిక్ వ్రాసిన వానిలో మనకు ముఖ్యమైనది మఱియొకటి కలదు. తిరుమలరాయలు పాడుబడిన నగరమునకు మరలి వచ్చి, గోవా వర్తకులకు కబురంపెను: గుఱ్ఱములను తెండు, మంచి వెల యిత్తును, యుద్ధములో పోయిన మా ముద్ర గుఱ్ఱములు మీ చేతికి చిక్కియున్నను తెండు, వానికిని వెల యిత్తును, రాకపోకలకు అభయమిత్తును. వర్తకులు నమ్మి తెచ్చిరి. మంచి గుఱ్ఱములన్నియు చేతికి వచ్చిన తరువాత రాజు వర్తకులకు పైకమేమియు నీయక, పొండని సెలవిచ్చెను. ఆ అభాగ్యులు దుఃఖముతో పిచ్చివారివలె పోయిరని ఫ్రెడరిక్ వ్రాసెను. ఆ యేడే రాజు పాడుబడిన నగరమును విడిచి, ఎనిమిది దినముల ప్రయాణము దూరముననున్న పెనుకొండకు మరలిపోయెను.

చచ్చిన గుఱ్ఱపు తోకకు వెల యిచ్చిన సింహాసనమే, బ్రదికిన గుఱ్ఱమునకు వెల యెగవేసెను. రాజు దుర్మార్గుడై యిట్లు చేసెనని తేల్చివేయుట సులభము. కాని ఆయన స్థితి చూడుడు. సైన్యము చెదరినది; నాయకులు స్వతంత్రులగుచున్నారు; శత్రువులు మరల వత్తురు; గుఱ్ఱము లేక నిలువలేడు; ధనమున్నను దానిని వదలుకొనలేడు. కాలము చెడినపుడు అధికారము గలవాడు చేయు మొదటి పని తన నష్టమును క్రిందివాని భుజముమీదికి దించుట. ఆనాడు దించుకొన్నవాడు పరదేశి వర్తకుడు. అతనికి ఫిర్యాదు చేయ కొలువు లేదు.

ఫలితము గోవా సుంకపు లెక్కలలో తేలినది. విజయనగరము పడుటతో గుఱ్ఱములకును, మఖమలు పట్టు మున్నగు సరకులకును కొనువారు లేక తమ రాజ్యమే కదలిపోయినదని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో వ్రాసెను. 1583 మొదలు 1588 వఱకు ఈ దేశముననుండిన ఇటలీవాడు సస్సెట్టి, మునుపు గుఱ్ఱముల సుంకమే యేటికి లక్షయిరువది వేలనుండి లక్షయేబది వేల డుకాట్లు రాగా, ఇప్పుడు ఆఱు వేలకు దిగినదని వ్రాసెను. నూటికి తొంబదియైదు పాళ్లు పోయినవన్న మాట. ఆ పోయినది మరల రాలేదు.

ఇక్కడ ఒక్కక్షణము ఆగి భేదమొకటి గుర్తింపవలెను. కాలము చెడుట వేఱు, కాలము మాఱుట వేఱు. కాలము చెడినపుడు కొనువాడు చేయి ముడుచుకొనును. మరల మంచి దినములు వచ్చినపుడు చేయి చాచును. కాలము మాఱినపుడు కొనువాడే యుండడు. 1565 తరువాత గుఱ్ఱపు బేరగానికి తక్కువైనది రాజు ధనము కాదు. అన్ని గుఱ్ఱములను కొనగల రాజ్యమే లేకపోయెను. ఒకే కొనుగోలుదారుని నమ్మి బ్రదికిన వ్యాపారము ఆ కొనుగోలుదారునితో కూడ కూలిపోవును. భోగవస్తువులను చేయువారి చరిత్రయంతయు ఈ భేదముమీదనే నడచుచున్నది.

ఇప్పుడు గుఱ్ఱమును వదలి కారును చూతము. 1929లో అమెరికాలో వాటాల ధరలు కూలి, ప్రపంచమంతట ఆర్థికమాంద్యము కలిగెను. అప్పటికి అమెరికాలో చక్రవర్తులవంటి కార్ల కంపెనీలు పెక్కులుండెను. డ్యూసెన్‌బర్గ్ కంపెనీ తన గొప్పకారును 1928 చివరను లోకమునకు చూపెను. అయిదువందల కార్లైనను చేయకయే 1937లో మూతపడెను. పియర్స్ ఏరో 1938లో పోయెను. పీర్‌లెస్ కంపెనీ 1931లో కార్లు చేయుట మానివేసెను. దాని కర్మాగారమున తరువాత బీరు కాచిరి. ఇంగ్లండులో బెంట్లీ కంపెనీ 1930లో ఎనిమిది లీటర్ల మహాయంత్రము గల కారును తెచ్చి, నూఱు మాత్రము చేసి, 1931లో అప్పులవారి చేతికి పోయెను. దానిని రోల్స్ రాయిస్ కంపెనీ మధ్యవర్తి పేర, ఎవరికిని తెలియకుండ, సుమారు లక్షయిరువదియైదువేల పౌనులకు కొనెను.

నిలిచినవారెవరు? క్యాడిలాక్ నిలిచెను. మంచికారగుట వలన మాత్రమే గాదు. జనరల్ మోటార్స్ అను మహాసంస్థ దాని వెనుకనుండి, చవుక కార్లమీద వచ్చిన లాభముతో దానిని పోషింపగలుగుట వలన నిలిచెను. ప్యాకార్డ్ కంపెనీ వేఱుదారి త్రొక్కెను. 1935లో ప్యాకార్డ్ నూటయిరువది యను కారును వేయి డాలర్ల ప్రాంతపు వెలకు అమ్మజూపెను. అదివఱకు ధనికుల గుమ్మముముందు మాత్రమే నిలుచు పేరు మధ్యతరగతివాని గుమ్మమునకు వచ్చినది. జనము ఎగబడి కొనిరి. కంపెనీ ఆ దశాబ్దము గడచి బయటపడెను. పేరు పలుచనైనదని తరువాత కొందఱు నిందించిరి. ఆ పేరు 1958లో అంతరించిన మాటయు నిజము. కాని పలుచనగాని పేరుతో పియర్స్ ఏరో అంతకు ఇరువదియేండ్ల ముందే పోయెనని మఱువరాదు.

దీనివలన తేలిన సూత్రము సరళమైనది. వెలగల వస్తువు లోతుగా పడును, వేగముగా లేచును. లేచువఱకు ఊపిరి బిగబట్టగలవాడే బ్రదుకును. ఊపిరి యనగా అప్పు పుట్టుట, పెద్దసంస్థ యండయుండుట, చవుక సరకును చేయగల నేర్పుండుట. ఈ సూత్రమునకు మన కాలపు సాక్ష్యము మనదేశపువారిదే. 2008 జూనులో టాటా మోటార్స్ వారు ఫోర్డు కంపెనీనుండి జాగ్వార్, ల్యాండ్ రోవర్ అను ఇంగ్లీషు పేర్లను రెండువందల ముప్పదికోట్ల డాలర్లకు కొనిరి. మూడునెలలలో ప్రపంచపు బ్యాంకులు కదలిపోయెను. 2008-09లో టాటా మోటార్స్ మొత్తపు లెక్కలో 2,505 కోట్ల రూపాయల నష్టము తేలెను. కొన్నది గుదిబండయైనదని లోకులనిరి. 2010-11లో అదే కంపెనీకి 9,274 కోట్ల లాభము వచ్చెను. ఆ నడుమ రెండేండ్లు భరింపగలిగిన కొమ్ము టాటాలకుండెను. లేనివానికి ఆ లాభపుటేడు చూచు భాగ్యమే లేదు.

ఎఱ్ఱమంచిలో కర్మాగారము పెట్టిన కియాయు ఇట్టి చెడ్డకాలపు బిడ్డయే. 1944లో సియోలులో సైకిలు భాగములు చేయు చిన్న కంపెనీగా అది పుట్టెను. క్రమముగా లారీలు, కార్లు చేసెను. 1997లో ఎంటర్‌ప్రైజ్ అను పేర తన అన్ని కార్లలోను ఘనమైన విలాసపు కారును విడుదల చేసెను. ఆ సంవత్సరముననే కంపెనీ అప్పులు తీర్చలేక దివాలా యంచునకు వచ్చెను. ఆ నవంబరులో కొరియా ప్రభుత్వమే అంతర్జాతీయ ద్రవ్యనిధిముందు చేయి చాచెను. 1998లో కియాను హ్యుందాయి కొనెను. ఎంటర్‌ప్రైజ్ కొలదియేండ్లలో కనుమఱుగాయెను. కంపెనీ చిన్నకార్లతో లేచి నిలిచెను. బెంట్లీ కథయు ప్యాకార్డ్ కథయు దాని చరిత్రలో ఒక్కటియై కనబడుచున్నవి.

అట్టి కంపెనీ 2017 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. పెట్టుబడి నూటపదికోట్ల డాలర్లు. భూమి అయిదువందల ఎకరములకు మించి. వానలేని సీమలో యంత్రములకు నీరు హంద్రీనీవా కాలువ నింపు గొల్లపల్లి జలాశయమునుండి. 2019 జనవరి 29న పరీక్షకై చేసిన మొదటి కారు బయటికి వచ్చెను. ఆగస్టు 22న సెల్టాస్ అను కారు అంగడికి వచ్చెను. సరిగా ఆ నెలలో దేశమున కార్ల అమ్మకము అంతకుముందు సంవత్సరపు ఆగస్టుకంటె నూటికి ముప్పదియొకటికి పైగా పడిపోయి, ఇరువదియేండ్లలో కనివిని యెఱుగని పతనమనిపించుకొనెను. 2018లో ఒక పెద్ద ఋణసంస్థ కూలుటచే అప్పు పుట్టుట కష్టమాయెను. 2020 ఏప్రిలునుండి పొగకు సంబంధించిన క్రొత్తనిబంధన వచ్చుచున్నదని కొనువారు వెనుదీసిరి. ఇట్టి ముహూర్తమున అంగడి తెఱచినవాడు మునుగునని తోచును. కాని అక్టోబరు నాటికే కియావారు నెలకు పండ్రెండువేలకు మించి కార్లమ్మిరి. రహస్యము ప్యాకార్డ్ రహస్యమే: ఇరువదిలక్షల కారులో నుండు హంగులను పదిలక్షలలోపు వెలనుండి చూపుట. చెడ్డకాలమున మధ్యతరగతివాడు భోగమును మానుకొనడు. చవుక భోగమును వెదకును.

నిజమైన విలాసపు కార్ల గతి యేమైనది? లెక్క చూడుడు. మెర్సిడెస్ బెంజ్ కంపెనీ మనదేశమున 2018లో 15,538 కార్లమ్మెను, 2019లో 13,786, మహమ్మారి వచ్చిన 2020లో 7,893. రెండేండ్లలో సగము పోయినది. 2021లో 11,242కు ఎక్కి, 2022లో 15,822తో పూర్వపు మట్టును దాటెను. రోల్స్ రాయిస్ వారు 2021లో ప్రపంచమంతట 5,586 కార్లమ్మి, తమ నూటపదునేడేండ్ల చరిత్రలో అన్నిటికంటె నెక్కువయని ప్రకటించిరి. ఊళ్లలో శవములు లేచుచున్న సంవత్సరమున అన్ని మహారథములు అమ్ముడుపోయినవని విని మనసు చివుక్కుమన్నను, సూత్రము నిజమైనది: లోతుగా పడెను, వేగముగా లేచెను. కియావారును 2020 ఫిబ్రవరిలో కార్నివాల్ అను పెద్దకారును సుమారు ఇరువదియైదునుండి ముప్పదినాలుగు లక్షల వెలకు తెచ్చిరి. నెలన్నరలో దేశము తలుపులు మూసెను. ఏప్రిలులో ప్రధానమైన కంపెనీలలో నొక్కటియు దేశములోపల ఒక్క కారైన అమ్మలేకపోయెను. అయినను కంపెనీ నిలిచెను. 2023 జూలైలో ఎఱ్ఱమంచి కర్మాగారమునుండి పదిలక్షలవ కారు బయటికి వచ్చెను.

ఇంతవఱకు చెప్పినది నిలిచినవారి కథ. ఇక రైలెక్కి ధర్మవరము పోవుదము.

హిందూపురమునకు దగ్గఱగా లేపాక్షి కలదు. పెనుకొండలో రాజకోశమును చూచిన విరూపణ్ణ అచ్యుతరాయల కాలమున ఆ దేవాలయమును కట్టించెనని ప్రసిద్ధి. రాజాజ్ఞ లేక కోశధనము ఖర్చుచేసెనని నింద రాగా ఆయన తన కన్నులను తానే పెఱికికొనెనని స్థలకథ చెప్పును. కథ నిజమో కాదో, కల్యాణమండపము పూర్తిగాక నేటికిని నిలిచియున్నది. ఆ గుడి పైకప్పున చిత్రించిన స్త్రీపురుషుల చీరల అంచులు, ధోవతుల పూలు చూచినవారు, ఈ సీమ నేతగాని కన్ను ఎంత ప్రాచీనమైనదో తెలిసికొందురు. హిందూపురపు పట్టుగూళ్ల అంగడి, ధర్మవరపు మగ్గము, ఈ రెండును ఆ కంటిని నేటివఱకు మూయనీయక నిలిపినవి.

ధర్మవరపు పట్టుచీర భోగవస్తువే. పెండ్లికి కొందురు, పండుగకు కొందురు; ఆకలికి కొనరు. కనుక కారునకున్న సూత్రమే చీరకును ఉండవలెను. చెడ్డకాలమున పడవలెను, మంచికాలమున లేవవలెను. కాని లేచువఱకు ఊపిరి పట్టువాడెవడు? నేతగాడు గుంటమగ్గములో కాళ్లుంచి కూర్చుండును. పట్టు షావుకారుది, జరీ షావుకారుది, నమూనా షావుకారుది. నేతగానిది కూలి మాత్రమే, అదియు చీర కోసి యిచ్చిన తరువాతనే. ఇంటి యిల్లాలు దారము తోడి కండెలు చుట్టును. పిల్లలు అంచుకడ చేయి సాయము చేయుదురు. ఇంటిల్లిపాది చాకిరికి ఒక్క కూలి. ఇల్లాలి చాకిరికి ఏ చిట్టాలోను పద్దు లేదు. పెండ్లిండ్లు ఆగిన నెల చీర అమ్ముడుపోదు. అమ్ముడుపోని నెల షావుకారు పడుగు ఈయడు. పడుగు లేని నెల పొయ్యి వెలుగదు. 1876-78 నాటి కఱవులోను ఇదే జరిగినది. రైతునకు తిండిగింజలు లేకున్న మొదట మానుకొనునది క్రొత్తబట్ట. కావుననే ఆ కఱవు తరువాత ప్రభుత్వము చేసిన కఱవు నిబంధనలలో, నేతగానిని రాళ్లు కొట్టుటకు పంపక, అతని పనినే అతనికి కల్పింపవలెనను విధి చేరినది. రాళ్లు కొట్టిన చేయి మరల పట్టుదారమును పట్టజాలదని ఆ యధికారులకు సైతము తెలిసినది.

2019 డిసెంబరు నెలను చదువరులు గుర్తుంచుకొనుడు. ఆ నెల 5వ తేదీన రాష్ట్ర ముఖ్యమంత్రి ఎఱ్ఱమంచి కర్మాగారమునకు ప్రారంభోత్సవము చేసెను. పదునాఱు దినముల తరువాత, 21వ తేదీన, అదే ముఖ్యమంత్రి ధర్మవరములో, సొంతమగ్గము గల నేతకుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలిచ్చు పథకమును ఆరంభించెను. ఒకే జిల్లాలో, ఒకే నెలలో, ఒక భోగవస్తువు తయారగు చోట అభినందనము, మఱియొక భోగవస్తువు తయారగు చోట ఉపశమనము. ఇందు ఏ ప్రభుత్వమును నిందించుట నా యుద్దేశము గాదు. ఆ పథకము తరువాతి ప్రభుత్వకాలమున నడువలేదు, కర్మాగారము నడచుచున్నది. ఒకదానికి కావలసినది పెట్టుబడి, దానికది దొరకెను. రెండవదానికి కావలసినదియు పెట్టుబడియే. దానికి దొరకినది సాయము. సాయము ఒక యేడు గడపును. పెట్టుబడి చెడ్డయేటిని దాటించును.

పట్టుమగ్గమునకు కాలము చెడినదా, మాఱినదా? గుఱ్ఱపు బేరగానివలె ఇతనికిని కొనువాడే లేకపోయెనా? లేదు. పెండ్లిండ్లు తగ్గలేదు, పట్టుచీర లేని పెండ్లి తెలుగునేలమీద నేటికిని అరుదు. కొనువాడున్నాడు, కాని అతడు కొనుచున్నది పెక్కుమార్లు మరమగ్గమున నేసిన నకలు. కొన్ని రకముల బట్టలు చేతిమగ్గమునకే యుండవలెనని 1985లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము పుస్తకములోనున్నది, నకలు అంగడిలోనున్నది. కాబట్టి ధర్మవరపు కష్టము పెనుకొండ గుఱ్ఱపు వర్తకుని కష్టమువంటిది కాదు. అది దిద్దుకొనదగినది. దిద్దు ఉపాయములును క్రొత్తవి కావు: నేతగాండ్ర సహకార సంఘము, వడ్డీ తక్కువైన అప్పు, చీరమీద నమ్మదగిన ముద్ర, కూలికి వ్రాతపూర్వకమైన లెక్క, అందులో ఇల్లాలి పేరును. క్యాడిలాక్ వెనుక జనరల్ మోటార్స్ నిలిచినట్లు, మగ్గము వెనుక సంఘము నిలువవలెను.

ఇందుకు గృహస్థులు చేయదగినది లేకపోలేదు. చీర కొనునపుడు అది చేతిమగ్గముదేనా యని యడుగుట యొకటి. అరువు పెట్టి చిన్నవర్తకుని త్రిప్పకుండుట రెండవది. ధనికుడు ఆలస్యముగా చెల్లించిన పైకము మగ్గము చేరువఱకు ఎందఱి ఆకలి దాటి రావలెనో తిరుమలరాయల కథ చెప్పుచున్నది. మూడవది కొంచెము చేదైన మాట. నేడు మన వివాహములలో కారును కట్నమున చేర్చి అడుగు వాడుక కలదు. 1961లో వరకట్నమును నిషేధించు చట్టము వచ్చెను. కారునకు కానుకయని పేరు పెట్టి చట్టము కన్నుగప్పుచున్నాము. అట్లు కొన్న కారుయొక్క వాయిదాలు కన్యాపిత నెత్తిన బడును. చెడ్డకాలము వచ్చినపుడు కంపెనీ లేచును, అల్లుడు తిరుగును, మామగారు మునుగును. భోగము ఒకరిది, భారము మఱియొకరిది. పెనుకొండలో నాలుగున్నర శతాబ్దముల క్రింద జరిగినదే మన నట్టింటిలో జరుగుచున్నది.

నేను కార్లకు విరోధిని కాను, పట్టునకును కాను. ఎఱ్ఱమంచి కర్మాగారమున ఈ సీమ బిడ్డలకు జీతములు దొరకుట మేలు. ధర్మవరపు చీర పెండ్లికూతురి భుజముమీద మెఱయుట మేలు. భోగవస్తువును చేయు చేతులు పవిత్రములే. కాని కాలము చెడినపుడు ఎవరి వస్తువు నిలుచునో అడుగుట చాలదు. ఎవరి నష్టము ఎవరి నెత్తికి దిగుచున్నదో అడుగవలెను. రాజు గుఱ్ఱములతో పెనుకొండ చేరెను. వర్తకులు వట్టిచేతులతో గోవాకు నడచిరి.